మాతృభాష: ఇతరం

రక్తసేకరణ గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 12

పూజ్యులైన మామయ్య గారికి,

మీ మేనకోడలు నమస్కరించి రాస్తున్నది. నేను కుశలం. మీ దగ్గు తగ్గిందని తలుస్తాను. ఈ ఉత్తరంలో ఒక సంఘటన, ఒక అభ్యర్థన ఉన్నాయి. సంఘటన ముందు రాస్తాను.

సోమవారం ఉదయం మా ల్యాబు మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు కనుక మావాళ్ళు ఆయనను చిరునవ్వు సారు అంటారు. ఒక తెల్లని ప్లాస్టిక్ బిళ్ళను బల్ల మీద నా వైపు జరిపాడు. దాని మీద ఇలా ఉంది: "నేను మీ భాష నేర్చుకుంటున్నాను. దయచేసి ఓపిక వహించండి."

"ఇది ఎవరిది?" అని అడిగాను.

"నీదేనమ్మా. ఇవాళ్టి నుంచి కోటుకి పెట్టుకో."

"నేను ఏ భాష నేర్చుకుంటున్నాను?"

"అదే, మన భాష. పేషెంట్లు ఊరుకోవట్లేదు. నిన్న ఆ రిటైర్డ్ ఇంజినీరు గారు, 'ఎక్కడి నుంచి పట్టుకొచ్చారయ్యా ఆ పిల్లని? రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది, మొహంలోకి చూడదు, నాకు భయమేసింది' అని గోల. నీ తప్పు కాదులే. పరాయి దేశంలో పెరిగినదానివి, ఈమాత్రం వచ్చిందంటే గొప్పే."

"నేను పరాయి దేశంలో పెరగలేదు. ఇక్కడికి నాలుగు వీధుల అవతల పెరిగాను."

"సరేలే, సరేలే. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?" అని ఇంకా నవ్వాడు.

నేను ఆ ఇంజినీరుతో అన్న మాటలు ఇవి: "దయచేసి పిడికిలి బిగించండి. ఇప్పుడు సూది ప్రవేశిస్తుంది. నొప్పి కలుగుతుంది. అది మూడు సెకన్లు ఉంటుంది." ఆయనకు మూడు సెకన్లే నొప్పి కలిగింది. ఎనిమిదేళ్ళుగా ఈ గదిలో రోజుకు అరవై, డెబ్బై మంది చేతులు చూస్తున్నాను. నరం దొరకని పసిపిల్లలను, ముసలివాళ్ళను మిగతావాళ్ళు నా కుర్చీకే పంపుతారు. నేను రెండోసారి గుచ్చడం అరుదు.

ఇక అభ్యర్థన. ఈ విభాగాన్ని నడిపే పెద్ద సిస్టరు జూన్‌లో పదవీ విరమణ చేస్తారు. వరుసలో తరువాత ఉన్నది నేను. ఆ పదవికి ఎంపికయ్యేవారు రోగులతో మాతృభాషలో మాట్లాడగలవారై ఉండాలని నియమం. ఆఫీసు గుమాస్తా తెర మీద నా వివరాలు చూపింది. మాతృభాష అన్న గడిలో "ఇతరం" అని ఉన్నది. ఎనిమిదేళ్ళుగా నేను ఇతరం. జనన పత్రం చూపితే, "పుట్టడం వేరు, పెరగడం వేరు మేడమ్. పెద్దవాళ్ళెవరైనా రాసివ్వాలి" అన్నది.

మీరు ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో భాష బోధించారు. మా అమ్మకు అన్నగారు. నేను ఎక్కడ పెరిగానో రెండు వాక్యాలు రాసి పంపండి. ఫోను చేయకండి. ఫోనులో నా గొంతు విన్నవాళ్ళు, "మన భాష వచ్చినవాళ్ళకి ఇవ్వండి మేడమ్" అంటారు. ఉత్తరంలో నన్ను ఏ దేశమని ఎవరూ అడగరు.

ఇట్లు,
మీ మేనకోడలు


పుస్తకాల గది
ఫిబ్రవరి 27

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ లేఖను మూడు పర్యాయాలు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండవసారి నవ్వు వచ్చింది, మూడవసారి నీ వాక్యనిర్మాణం చూసి గర్వం కలిగింది. ఒక్క క్రియ జారలేదు, ఒక్క విశేషణం ఎక్కువ కాలేదు. నా దగ్గర పట్టాలు పుచ్చుకున్నవారిలో పదిమంది అలా రాయలేరు.

ఆ మేనేజరు భాషాజ్ఞానం గురించి ఏమి చెప్పను? ఓపిక వహించాలట! సహనం వహిస్తారు, ఓపిక పడతారు. నీకు భాష రాదని చాటే బిళ్ళ మీద తనకు భాష రాదని రాసుకున్నాడు. ఇటువంటి హాస్యం ప్రహసనాలలో కూడా దుర్లభం. అల్పుల మాటకు మనసు కష్టపెట్టుకోకు. కవులు చంద్రునిలోని మచ్చను సైతం అలంకారంగానే వర్ణించారు కదా. ఆ బిళ్ళ నీ ఛాతీ మీద ఉంటే ఉండనీ. దానివల్ల నీకు కలిగే నష్టమేమిటి?

పదవి విషయం నీవు తొందరపడవద్దు. ఆ ల్యాబు యజమాని నా పూర్వవిద్యార్థి, సాధువు, నీ సంగతి ఎరిగినవాడు. సమయం వచ్చినప్పుడు అతడే చూసుకుంటాడు. నేను ఇప్పుడు మధ్యలో కలగజేసుకోవడం ఔచిత్యం కాదు.

నా శతకవ్యాఖ్య నాలుగవ ప్రూఫు వచ్చింది. ముద్రాపకుడు ప్రతి దీర్ఘానికీ ఉరిశిక్ష వేశాడు. కొత్త కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదు. దగ్గు కొంత నయం.

ఇట్లు,
ఆశీర్వదించే మామయ్య


రక్తసేకరణ గది
ఏప్రిల్ 3

మామయ్య గారికి,

మీరు నా అభ్యర్థనకు జవాబు ఇవ్వలేదు. ప్రూఫుల గురించి, కళ్ళజోడు గురించి, చంద్రుని గురించి రాశారు. బిళ్ళ వల్ల నష్టమేమిటని అడిగారు. అది ప్రశ్న కనుక జవాబు రాస్తున్నాను.

బిళ్ళ పెట్టుకున్న తరువాత నా మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అంతకు ముందు నెలకు నాలుగైదు వచ్చేవి. నా మాట మారలేదు. అదే గొంతు, అవే వాక్యాలు, అదే గోడ వైపు చూపు. మారినవి వాళ్ళ ముఖాలు.

పరగడుపున రావలసిన పరీక్షకు ఒకావిడ వచ్చింది. బిళ్ళ చదివి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "నువ్వు... భోజనం... చేశావా?" అని అరిచింది. వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని నమిలి కూడా చూపింది. "నేను చేశానా అన్నది ఈ పరీక్షకు అవసరం లేదు. మీరు చేశారా అన్నది అవసరం" అన్నాను. "అయ్యో, ఎంత ముద్దుగా మాట్లాడుతున్నావే!" అని నా బుగ్గ పుణికింది. నాకు ముప్పై నాలుగేళ్ళు. బుగ్గ ముట్టుకుంటే నాకు ఒళ్ళంతా ముళ్ళు లేస్తాయని మీకు తెలుసు. ఆ చేతికి చెమట ఉన్నది.

మరొక పెద్దాయన మరునాడు పనిగట్టుకుని వచ్చి ఒక అఆల పుస్తకం ఇచ్చాడు. "రోజుకి రెండక్షరాలు దిద్దుకో తల్లీ. మా మనవరాలికి కొన్నది, అది చింపేసింది. నువ్వైనా చదువు." వెనక అట్ట లేదు. మీ పుస్తకాల గదిలో కింది రెండు అరలు నేను ఏడేళ్ళకు పూర్తి చేశాను.

గత గురువారం ఇద్దరు తోడికోడళ్ళు వచ్చారు. చిన్నావిడ చేతిలో నుంచి సూది తీసి, దూది అదిమి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పెద్దావిడతో, "అక్కా, వీళ్ళ దగ్గర అదో రకం కంపు వస్తుంది, చూశావా?" అన్నది.

"ఊరుకోవే, వింటుంది."

"వింటే మాత్రం? అర్థమయి చస్తుందా ఏంటి?"

ఆ వాసన స్పిరిటుది. ఆవిడ చేతి నుంచే వస్తున్నది. నేను రెండు నిమిషాలు దూది అదిమి పట్టుకున్నాను, ఎందుకంటే రెండు నిమిషాలు పట్టుకోవాలి.

నమూనాలు వేరుచేసే సీసాలక్క ఈ సంగతి విని, "ఏ దేశమని అడిగితే చలి దేశమేదైనా చెప్పవే బాబూ. వేడి దేశమంటే ముక్కు మూసుకుంటారు, చలి దేశమంటే లేచి కుర్చీ ఇస్తారు" అన్నది. అది అబద్ధమవుతుందన్నాను. "నిజానికి నెలకి ఐదు తిట్లు, అబద్ధానికి సున్నా. లెక్కల్లో నువ్వే దిట్టవి, నన్నడుగుతావేం?" అన్నది. ఆమె నన్ను ఇష్టపడుతుంది కనుక అన్నది. అయినా ఆ రోజు ఆమె పక్కన కూర్చుని తినలేకపోయాను.

మామయ్యా, ఇది కోపం కాదు. కోపం ఎదుటివాళ్ళ వైపు వెళుతుంది. ఇది మాడిన నూనెలాగా నోట్లోనే ఉన్నది. పళ్ళు తోముకున్నా పోదు. వాళ్ళలో ఒకతెగా నేను భయం పుట్టించాను. పరాయిదానిగా ముద్దొస్తున్నాను. ఈ ముద్దు నాకు అసహ్యం.

మూడేళ్ళ క్రితం మీకు ఒక ఉత్తరం రాశాను. వైద్యురాలు రెండు రోజులు పరీక్షించి నాకు ఆటిజం ఉన్నదని చెప్పిందని, చిన్ననాటి నుంచి జరిగినవన్నీ నాకు ఇప్పుడు అర్థమవుతున్నాయని రాశాను. మీరు జవాబుగా వాన గురించి రాశారు. ఉత్తరం అందలేదేమోనని మరో ప్రతి పంపాను. కిటికీలకు వేయించిన రంగు గురించి రాశారు.

నా వివరాలలో "ఇతరం" అన్న మాట, ఉద్యోగంలో చేరేటప్పుడు వచ్చిన సిఫారసు ఉత్తరాన్ని బట్టి నమోదైనదని గుమాస్తా చెప్పింది. ఆ ఉత్తరం చూపలేదు. నన్ను సిఫారసు చేసినవారు మీరొక్కరే. అందులో ఏమి రాశారు? సూచనగా చెబితే నాకు తెలియదు. ఒక వాక్యంలో రాయండి.

మీ మేనకోడలు


పుస్తకాల గది
ఏప్రిల్ 11

అమ్మాయీ,

నీ లేఖకు మొదట నమస్కారం లేదు. చివర కూడా లేదు. మధ్యలో మాత్రం వాదిపక్షపు న్యాయవాది ఉన్నాడు.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. అయిదేళ్ళు నిండినా నీ నోట మాట రాలేదు. మీ అమ్మ నిన్ను తీసుకుని వైద్యుల చుట్టూ తిరిగి, చివరకు నా దగ్గర వదిలింది. నేను కళాశాల నుంచి వచ్చి రోజుకు రెండు గంటలు పద్యాలు, వచనం బిగ్గరగా చదివేవాడిని. నీవు నా బల్ల కింద కూర్చునేదానివి. పదకొండు నెలలు అలా గడిచాయి. ఒకనాడు పద్యం నాలుగవ పాదంలో నాకు దగ్గు వచ్చి ఆగాను. బల్ల కింద నుంచి మిగిలిన సగం పాదం వినిపించింది, యతి చెడకుండా. ఆ వారమే, "మామయ్యా, తలుపు తెరిచి ఉన్నది" అన్నావు. నేను తలుపు మూయలేదు. కూర్చుని ఏడ్చాను.

ఆ భాషను ఎవరో వైద్యురాలు లక్షణాల పట్టికలో చేర్చిందని నీవు రాస్తే నేను ఏమి జవాబు రాయాలి? అందుకే వాన గురించి రాశాను. ఆ రోజు నిజంగానే వాన కురుస్తున్నది.

ఎనిమిదేళ్ళ నాటి సిఫారసులో ఏ మాట వాడానో నాకు జ్ఞాపకం లేదు.

మామయ్య


అద్దె గది
మే 2

మామయ్య గారికి,

మీకు జ్ఞాపకం లేదు కనుక నకలు పంపుతున్నాను. నిన్న యజమాని గారిని అడిగితే ఆయన బీరువా తెరిచి చూపారు. మీ చేతిరాత.

"ఈ అమ్మాయి నా సోదరి కుమార్తె. బాల్యమంతా విదేశంలో గడిచినది. మన భాషను గ్రంథముల ద్వారా అభ్యసించినది. కావున మాటతీరులో కొంత కృత్రిమత, చూపులో కొంత బెరుకు గోచరించును. పరదేశమున పెరిగిన దోషమే గాని వేరు లోపమేమియు లేదు. మన్నించి అవకాశమీయ ప్రార్థన."

చదివాక నాకు వాంతి అయింది. ఇది అలంకారం కాదు. చేతులు కడుక్కునే తొట్టిలో అయింది. నేనే శుభ్రం చేశాను.

"వేరు లోపమేమియు లేదు" అన్న వాక్యం మరల మరల చదివాను. అంటే లోపం ఉన్నదని మీకు అప్పుడే తెలుసు. దానికి మీరు ఒక దేశాన్ని తొడిగారు.

ఇది అబద్ధమని యజమాని గారితో చెప్పాను. "మా గురువుగారు అబద్ధం రాస్తారంటావా? ఆయన్ని నేను దేవుడిలా చూస్తానమ్మా. నువ్వేదో కంగారులో ఉన్నావు" అన్నారు. నా జనన పత్రం, నా బడి పత్రాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. వాటికంటే మీ వాక్యం బరువు. ఆ వాక్యాన్ని తీయగలవారు మీరొక్కరే.

మీరు నాలాగే మాట్లాడతారు. ప్రతి వాక్యం చివరి వరకు, ప్రతి మాట విడివిడిగా. నేను మీ దగ్గరే నేర్చుకున్నాను. మీరు అలా మాట్లాడితే సభ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. నేను అలా మాట్లాడితే కోటుకు బిళ్ళ తగిలిస్తారు. ఇది మీకు ఎన్నడూ తోచలేదా?

ఎంపిక జూన్ 9న. ఆ లోపల యజమాని గారికి నిజం రాయండి. ఆటిజం అన్న మాట అందులో ఉండాలి. సంస్కృతంలో వేరే మాట కట్టకండి. ఆ ఉత్తరం రాకపోతే నాకు పదవి రాదు, బిళ్ళ పోదు, మీ నుంచి వచ్చే ఉత్తరాలు నేను విప్పను.


పుస్తకాల గది
మే 24

అమ్మాయీ,

నేను అబద్ధమాడాను. ఎనిమిదేళ్ళ క్రితం అబద్ధం రాశాను. జ్ఞాపకం లేదని పోయిన నెల మరొకటి రాశాను. నా ఉత్తరంలోని ప్రతి అక్షరం నాకు జ్ఞాపకం ఉన్నది. కూర్చడానికి ఒక పూట పట్టింది.

నీకు ఈ ఉద్యోగం రాకముందు మూడు చోట్ల కాదన్నారు. మూడవ చోటికి నేను తోడు వచ్చాను. నీవు లోపల ఉండగా ఆ ఆసుపత్రి అధికారి బయటికి వచ్చి, "ఏమండీ, అమ్మాయికి బుర్రలో ఏమన్నా తేడానా? ముందే చెబితే మా టైమన్నా మిగిలేదిగా" అన్నాడు. చేతిలో కాఫీ గ్లాసు, మీసం మీద నురగ. ఆ నురగ వైపు చూస్తూ నేను, "లేదండీ, విదేశంలో పెరిగింది" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. కానీ ఆ మనిషి ముఖం వెంటనే మారిపోయింది. "అయ్యో, అలాగా! అందుకా! కూర్చోండి మాస్టారూ, కాఫీ తాగుతారా?" అన్నాడు. నేను ఆ కాఫీ తాగాను.

ఆ ఒక్క మాటకు మనుషులు ఎంత త్వరగా సాధువులవుతారో ఆనాడు కనిపెట్టాను. కనుక నీ కొత్త యజమానికి అదే రాశాను. నీ మేలు కోరి రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నీ లేఖ వచ్చాక ఈ గదిలో కూర్చుని ఆ మాటను మరల పైకి చెప్పి చూశాను. నిలవలేదు. నీలోనిది లోపమైతే, ఆ భాష నేర్పినవాడిని నేను. నన్ను కాపాడుకోవడానికి నిన్ను సముద్రం అవతలికి పంపాను.

నీవు అడిగిన మాట రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. మొదటి చిత్తులో "విశేషప్రజ్ఞ" అని రాశాను. రెండవ దానిలో "అంతర్ముఖత". మూడవ దానిలో ఒక సమాసం కట్టాను. అది ఎంత అందంగా ఉన్నదో చూసుకుని, నా మీద నాకే రోత పుట్టి చించివేశాను. నాలుగవదానిలో నీవు చెప్పిన మాటే రాశాను. దాని నకలు ఇది.

"చిరంజీవి శిష్యునికి. ఎనిమిదేళ్ళ క్రితం నా మేనకోడలి గురించి నేను నీకు రాసినది అబద్ధం. ఆమె ఏనాడూ ఈ దేశం దాటలేదు. నా ఇంట్లో, ఈ ఊళ్ళో పెరిగింది. ఆమె మాతృభాష నీదీ నాదీ అయిన భాషే. ఆమెకు ఆటిజం ఉంది. ఆమె మాటతీరు దానివల్ల, నా దగ్గర నేర్చుకోవడం వల్ల. అబద్ధం చెప్పినది నేను, ఆమె కాదు. ఆమెకు దాని సంగతే తెలియదు. ఇందుకు ఆమెను శిక్షించవద్దు. నన్ను గౌరవించడం మానుకో."

ఈ ఉదయం నేనే వెళ్ళి అతని చేతికి ఇచ్చాను. నేను అక్కడ ఉండగా చదవలేదు. కాళ్ళకు నమస్కరించబోతే వెనక్కి జరిగాను.

మామయ్య


రక్తసేకరణ గది
జూన్ 23

మామయ్య గారికి,

ఎంపిక జరిగింది. జరిగినది జరిగినట్టు రాస్తాను.

బల్ల వెనక ముగ్గురు ఉన్నారు: యజమాని గారు, చిరునవ్వు సారు, బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. యజమాని గారి చేతిలో మీ ఉత్తరం ఉన్నది. మొదటి ఐదు నిమిషాలు ఆయన నాతో మాట్లాడలేదు, మీ గురించి దుఃఖించారు. "గురువుగారు నాతో అబద్ధమాడారా? నాతోనా?" అని మూడుసార్లు అన్నారు. నన్ను ఎనిమిదేళ్ళు ఇతరం చేశానన్న దుఃఖం ఆయనకు లేదు. డాక్టరమ్మ గడియారం చూసి, "ఇంటర్వ్యూ ఈ అమ్మాయికా, మీ గురువుగారికా?" అన్నది.

అప్పుడు చిరునవ్వు సారు జేబులో నుంచి ఒక బిళ్ళ తీశాడు. కొత్తది. అప్పటికే చేయించి తెచ్చాడు. "నాకు ఆటిజం ఉంది. దయచేసి ఓపిక వహించండి." నవ్వుతూ, "ఇదైతే నిజమేగా? పాతదానికన్నా జాలి కూడా ఎక్కువొస్తుంది" అన్నాడు.

నాకు మరల తొట్టి దగ్గరికి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తలేదు. "మీ కోటు మీది బిళ్ళలో ఏమి రాసి ఉన్నది?" అని అడిగాను.

"నా పేరు, నా ఉద్యోగం."

"నాకూ అవి రాయించండి."

"మరి పేషెంట్లు అడిగితే?" అన్నారు యజమాని గారు.

"అడిగినవారికి చెబుతాను. అడగనివారికి నరం వెతుకుతాను."

"కంప్లయింట్లు వస్తాయిగా?" అన్నాడు సారు.

"నెలకు నాలుగైదు వస్తాయి. నా గొంతు మీద, నా చూపు మీద వస్తాయి. రక్తం సరిగా తీయలేదన్న ఫిర్యాదు ఎనిమిదేళ్ళలో ఒకటీ లేదు. ఫిర్యాదుల పుస్తకం ఈ బల్ల కింది సొరుగులోనే ఉన్నది."

డాక్టరమ్మ సొరుగు లాగింది. ఇరవై నిమిషాలు పుటలు తిప్పింది. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నాకు అది సుఖంగా ఉన్నది, వాళ్ళకు లేదు. "దీన్ని ఎప్పుడైనా ఎవరైనా చదివారా?" అని సారును అడిగింది. ఆయన నవ్వలేదు. ఆయన ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

పదవి ఆరు నెలలకు ఇచ్చారు, ఆపైన చూస్తామన్నారు. గుమాస్తా నా ఎదుటే ఆ గడిలో మాట మార్చింది. దానికి నాలుగు సెకన్లు పట్టింది.

మొదటి వారంలో మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఒకాయన, "ఎక్కడి పిల్లవి?" అని అడిగాడు. ఇక్కడిదాన్నే అన్నాను. "ఇక్కడిదానివై ఉండి ఇదేం మాటతీరు? పెద్దా చిన్నా లేదా? సిగ్గులేదూ?" అన్నాడు. ఈయనే మార్చిలో నన్ను మెచ్చుకుని చాక్లెట్టు ఇచ్చాడు. ఆటిజం ఉన్నదని చెప్పాను. చేయి వెనక్కి తీసుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు. నేనింకా ఆ చేయి ముట్టుకోలేదు. ఫిర్యాదుల పుస్తకం ఇప్పుడు నా బాధ్యత కనుక, ఆయన చెప్పినది నేనే రాసుకుని సంతకం చేయించుకున్నాను.

మీరు నిజం రాశారు. అందుకు కృతజ్ఞత చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాలని నాకు అనిపించలేదు. కానీ మీ ఉత్తరాలు విప్పుతాను.

ఒక ప్రశ్న. నిన్న మీ వీధికి ఐదారేళ్ళ క్రితం వచ్చిన టైలరమ్మ రక్తపరీక్షకు వచ్చి, "చిన్నప్పుడంతా విదేశంలోనే ఉన్నావటగా, మీ మామయ్య చెప్పారు" అన్నది. కనుక యజమాని ఒక్కరే కాదు. ఇంకా ఎవరెవరికి చెప్పారు? వాళ్ళందరి దగ్గరికి మీరు స్వయంగా వెళ్ళి చెప్పండి. ఉత్తరాలు రాయకండి. ఉత్తరంలో మీ వాక్యాలు అందంగా ఉంటాయి.

మీ మేనకోడలు


పుస్తకాల గది
జూలై 19

అమ్మాయీ,

పదకొండు మంది. కూర్చుని పేర్లు రాసుకుంటే అంతమంది తేలారు. కొందరికి ఎందుకు చెప్పానో నాకే తెలియదు. వాళ్ళు అడగను కూడా లేదు. అలవాటయిపోయింది.

ఇప్పటికి ఏడుగురికి చెప్పాను. టైలరమ్మ కుట్టుమిషను ఆపకుండా విని, "అయితే ఇన్నాళ్ళూ ఆ పిల్లతో నేను అరిచి మాట్లాడింది మీ వల్లనన్నమాట. గొంతు నొప్పి నాకూ మిగిల్చారు" అన్నది. రెండేళ్ళ క్రితం పక్కింట్లో దిగిన పోస్టుమాస్టరు వినగానే గొంతు తగ్గించి, "అయ్యో పాపం" అన్నాడు. పాపం కాదయ్యా అంటే మరీ తగ్గించి అన్నాడు. ముద్రాపకుడు విననట్టు నటించి ప్రూఫుల గురించి అడిగాడు. నేను నీకు వాన గురించి రాసినప్పుడు నీకెలా ఉండి ఉంటుందో ఆ క్షణం తెలిసింది. అతని ముఖం మీద ప్రూఫులు విసరాలనిపించింది.

ఏడవవాడు మా సాహిత్య సభ అధ్యక్షుడు. ఆదివారం నా ఉపన్యాసం ముగిశాక వేదిక మీదనే పక్కకు పిలిచి చెప్పాను. అతడు నా చేయి పట్టుకుని, మృదువుగా, "పోనీలెండి మాస్టారూ. ఇప్పుడు అందరికీ ఎందుకు చెప్పడం? విదేశంలో పెరిగిందనే అనుకోనివ్వండి. మీ పరువూ ఉంటుంది, అమ్మాయికీ మర్యాదగా ఉంటుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు కంపరమెత్తింది. చేయి లాక్కున్నాను. అతని మీద కాదు ఆ కంపరం. ఆ మాటల పొందిక నాది. ఆ మెత్తదనం నాది. అతడు కూడా నా విద్యార్థే.

"నా మేనకోడలు ఇక్కడే పెరిగింది. నా బల్ల కింద పెరిగింది. దానికి ఆటిజం ఉంది. అది మాట్లాడేది నా భాష. ఇందాక మీరు చప్పట్లు కొట్టింది ఆ భాషకే" అన్నాను. గొంతు పెద్దదయింది. మైకు ఆపలేదని హాలు మొత్తం నిశ్శబ్దమయ్యాక తెలిసింది. నేను గొడుగు తీసుకుని మెట్లు దిగి వచ్చాను. చప్పట్లు లేవు. లేకపోవడమే నయమనిపించింది.

మిగిలిన నలుగురిలో ముగ్గురు ఆ హాలులోనే విన్నారు. అయినా వాళ్ళ ఇళ్ళకు వెళతాను. మైకులో విన్నది లెక్కలోకి రాదు. మొదటి ఇల్లు రేపు ఉదయం. వాళ్ళతో ఏమి చెప్పాలో రాసి పెట్టుకోలేదు.

మామయ్య